రిఫండులో వాటా అడిగేవారికి మీ పాన్ ఇవ్వకండి

(2025 ఆగస్టులో ఉద్యోగులు, పింఛనుదారుల సమావేశంలో ఒక ఛార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సభ మొదలు కాకముందు వెనక వరుసలో కూర్చున్న కొందరిని ఒకే ప్రశ్న అడిగాను. పోయిన ఏడాది మీ ఐటీ రిటర్ను వేయించుకోవడానికి ఎంత ఇచ్చారు? ఒక ఉపాధ్యాయురాలు 300 రూపాయలన్నారు. ఆమె పక్కన కూర్చున్నావిడది అదే బడి, అదే హోదా. ఆవిడ 1,200 ఇచ్చారట. పింఛను తీసుకుంటున్న పెద్దాయన ఒకరు 2,000 అన్నారు. నాలుగో ఆయన కాస్త తటపటాయించి, "నా దగ్గర ముందుగా ఏమీ తీసుకోలేదండీ, రిఫండు పడ్డాక అందులో పదో వంతు ఇచ్చాను" అన్నారు.

300కీ 2,000కీ మధ్య తేడా గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. కానీ నన్ను ఇక్కడికి రప్పించింది మాత్రం ఆ నాలుగో ఆయన లాంటివారి కష్టం. వారికి నోటీసులు వచ్చాక వాటిని చదివి వినిపించే పని నాది. ఆ పని నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ముందు మామూలు సంగతి చూద్దాం. జీతం తప్ప మరో ఆదాయం లేని ఉద్యోగి రిటర్నులో నిజంగా ఎంత పని ఉంది? జూన్ 15 నాటికి మీ కార్యాలయం ఫారం 16, అంటే మీ జీతం, కోసిన పన్ను చూపించే ధ్రువపత్రం, ఇవ్వాలి. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లోకి పాన్‌తో ప్రవేశించి ఐటీఆర్-1 తెరిస్తే, మీ జీతం, కోత పడిన పన్ను, బ్యాంకు వడ్డీ చాలావరకు ముందే నింపి ఉంటాయి. దాన్ని ఫారం 16తో సరిచూడాలి. మీ పేరిట జమైన పన్ను వివరాలు చూపే 26ఏఎస్‌తో, ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికతో కూడా సరిచూడాలి. బ్యాంకు ఖాతా సంఖ్య సరిగా ఉందో లేదో చూసుకుని పంపాలి. పంపిన 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. మొదటిసారి రెండు గంటలు పట్టవచ్చు, మరుసటి ఏడాది అరగంట చాలు. ప్రభుత్వం దీనికి ఒక్క రూపాయి కూడా తీసుకోదు. 50 లక్షల లోపు ఆదాయం ఉండి, జీతం లేదా పింఛను, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ తప్ప మరేమీ లేనివారికి ఈ ఫారమే సరిపోతుంది. షేర్ల మీద దీర్ఘకాలిక లాభం 1,25,000 లోపు ఉన్నవారిని కూడా ఈ ఏడాది నుంచి ఇందులోకి అనుమతించారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇది ఇంకా తేలిక. ఫిబ్రవరి జీతం బిల్లుకు ముందు మీరందరూ ఐటీ స్టేట్‌మెంటు తయారుచేసి జీతాల బిల్లులు చేసే అధికారి అయిన డీడీఓకు ఇస్తారు. మీ తోటి ఉపాధ్యాయులే ఎక్సెల్‌లో తయారుచేసి ఉచితంగా పంచే ప్రోగ్రాములతో ఆ లెక్క కడతారు. తగ్గింపులు చూపించుకునే పాత పన్ను విధానమా, తగ్గింపులు చాలావరకు లేని కొత్త విధానమా అన్నది అప్పుడే తేల్చుకుంటారు. లెక్కలో కష్టమైన భాగం ఫిబ్రవరిలోనే మీ చేతులతో పూర్తయింది. ఇప్పుడు మిగిలింది ఆ అంకెలను పోర్టల్‌లో సరిచూడడమే. అయినా కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇష్టం లేనివారు, చూపు ఆననివారు ఎవరికైనా కొంత ఇచ్చి చేయించుకుంటే తప్పేమీ లేదు. అది మీకోసం ఎవరో వెచ్చించిన సమయానికి ఇచ్చే కూలి. అంతకు మించి దాన్ని గొప్ప విద్యగా అమ్మేవారిని నమ్మకండి.

ఈ ఏడాది గందరగోళం ఒకటి ఉంది. "12 లక్షల దాకా పన్ను లేదన్నారు కదా, మళ్లీ ఈ పన్నేమిటి?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పిన ఆ మాట 2025-26 ఆదాయానికి సంబంధించింది. ఇప్పుడు మనం వేస్తున్నది 2024-25 ఆదాయపు రిటర్ను. దీనికి కొత్త విధానంలో 7 లక్షల వరకే రిబేటు, అంటే పన్ను మాఫీ. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు కలుపుకుంటే 7,75,000. పన్ను సున్నా అయినా ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటితే రిటర్ను వేయాల్సిందే. గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు. అది దాటితే 5,000 ఆలస్య రుసుము పడుతుంది, మొత్తం ఆదాయం 5 లక్షలు మించనివారికి 1,000.

ఇక ఆ 2,000 ఇచ్చిన పెద్దాయన సంగతి. ఆయన వయసు అడిగాను, 78 అన్నారు. పింఛను, డిపాజిట్ల వడ్డీ రెండూ ఒకే బ్యాంకులో వస్తున్నాయి, వేరే ఆదాయం లేదు. 75 ఏళ్లు నిండినవారికి, పింఛనూ వడ్డీ ఒకే నిర్దేశిత బ్యాంకు నుంచి వస్తుంటే, 194పి సెక్షను కింద ఆ బ్యాంకుకు ఒక ప్రకటన ఇస్తే సరిపోతుంది. బ్యాంకే పన్ను లెక్కగట్టి కోసుకుంటుంది. ఆయన రిటర్ను వేయనక్కరలేదు. ఇది 2021 నుంచి అమల్లో ఉంది. ఆయన దగ్గర ఏటా రుసుము తీసుకున్నవారు ఈ మాట ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెప్పి ఉండాల్సింది. అయ్యా, మీరు సభ అయ్యాక నాతో ఒక్క నిమిషం కూర్చోండి. మీ బ్యాంకులో ఏమని అడగాలో రాసిస్తాను.

మరి ఆడిటరుకు రుసుము ఇచ్చి చేయించుకోవడం సరైన పని ఎప్పుడు అవుతుంది? నా లెక్కలో, తప్పు జరిగితే పోయే సొమ్ము రుసుము కంటే చాలా పెద్దదైనప్పుడు.

బకాయిలనే తీసుకోండి. వేతన సవరణ (పీఆర్సీ) బకాయిలు, కరువు భత్యం (డీఏ) బకాయిలు ఎప్పటివో ఒకేసారి చేతికొస్తాయి. ఆ ఏడాది ఆదాయం అమాంతం పెరిగి పై శ్లాబులోకి, అంటే ఎక్కువ పన్ను రేటులోకి వెళ్తారు. ఆ సొమ్ము అసలు ఏ ఏడాదిదో ఆ ఏడాదికి పంచి లెక్కగడితే పన్ను తగ్గవచ్చు. ఆ తేడాను ఉపశమనంగా ఇవ్వడానికి 89వ సెక్షను ఉంది. కానీ దానికి ఫారం 10ఈ అని ఒకటి ఉంది. రిటర్ను కంటే ముందే దాన్ని పోర్టల్‌లో దాఖలు చేయాలి. డీడీఓ స్టేట్‌మెంటులో ఉపశమనం చూపించినా, మీరు 10ఈ వేయకుండా రిటర్నులో ఆ అంకె రాస్తే, బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రం దాన్ని కొట్టేసి బాకీ నోటీసు పంపుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ప్రధానోపాధ్యాయుడు 200 రూపాయలకు నెట్ సెంటర్‌లో రిటర్ను వేయించుకున్నారు. 10ఈ సంగతి అక్కడివారికి తెలియదు. 31,000 చిల్లర కట్టమని నోటీసు వచ్చింది. నెట్ సెంటర్ వారిని నేను నిందించను. వారు టైపు చేసి పెట్టారు, అంతకే డబ్బు తీసుకున్నారు. పాత ఏళ్ల శ్లాబులు తీసి, ఏడాది వారీగా లెక్కగట్టడం తెలిసిన మనిషికి ఆ ఏడాది 2,000 ఇచ్చి ఉంటే ఆ ఖర్చు ఎన్నో రెట్లు తిరిగి వచ్చేది.

స్థలం అమ్మినవారూ అంతే. వ్యవసాయ భూమి అమ్మితే పన్ను ఉండదని అందరూ అనుకుంటారు. అది పురపాలక సంఘం హద్దు నుంచి ఎంత దూరంలో ఉంది, ఆ పట్టణ జనాభా ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. జనాభాను బట్టి ఆ దూరం 2, 6, 8 కిలోమీటర్లుగా మారుతుంది. పట్టణాలు పెరిగే కొద్దీ తాతల నాటి పొలం తెలియకుండానే పన్ను పరిధిలోకి వచ్చేస్తోంది. 2024 జూలై 23న లెక్క మారింది కూడా. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లో స్థలమో ఆ తర్వాత అమ్మితే, లాభం మీద ద్రవ్యోల్బణ సవరణ (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి లెక్కగట్టడం) లేకుండా 12.5 శాతమో, సవరణతో 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టే అవకాశం దేశంలో నివసించే వ్యక్తులకు ఉంది. రెండూ లెక్కగట్టి చూడాలి. ఆ డబ్బుతో ఇల్లు కొంటారా, బాండ్లలో పెడతారా అన్నదానికి వేర్వేరు గడువులున్నాయి. ఇలాంటి రిటర్నుకు ఒక మంచి ఆడిటరు 10,000 అడిగితే బేరమాడకండి. ఇంకో మాట, అమ్మకముందు వెళ్లండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక వస్తే మా చేతుల్లో మిగిలేది తక్కువ.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మీ పిల్లలున్నారు. వారి కంపెనీ అమెరికాదైతే జీతంతోపాటు ఆ కంపెనీ షేర్లూ ఇస్తుంది. ఆ షేర్లు విదేశీ ఆస్తి. రిటర్నులో దానికి వేరే షెడ్యూలు ఉంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు అయినా, ఆ షెడ్యూలులో మాత్రం జనవరి నుంచి డిసెంబరు లెక్క చూపాలి. ఇవి ఉన్నవారు ఐటీఆర్-1 వేయకూడదు. ఈ ఆస్తులు దాచినందుకు నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపు ఉంటే ఆ జరిమానా నుంచి మినహాయించారు. అయినా చూపించాల్సిందే. పిల్లలతో ఈ మాట చెప్పండి. ఏడాది మధ్యలో ఉద్యోగం మారి రెండు ఫారం 16లు ఉన్నవారికి కూడా చెప్పండి. రెండు కంపెనీలూ ప్రామాణిక తగ్గింపు, కింది శ్లాబులు ఎవరికి వారు ఇచ్చేస్తాయి. కలిపి చూస్తే పన్ను తక్కువ పడి ఉంటుంది.

విదేశాల్లో స్థిరపడిన పిల్లలు ఇక్కడి ఫ్లాటు అమ్మేటప్పుడు కొనేవారు కోసే పన్ను, లాభం మీద కాక మొత్తం ధర మీద పడే ప్రమాదం ఉంది. తక్కువ కోతకు శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. అది నిపుణులు చేయాల్సిన పని.

ఇప్పుడు నాలుగో ఆయన దగ్గరికి వస్తాను.

మా వృత్తికి 1949 నాటి చట్టం ఒకటి ఉంది. దాని మొదటి షెడ్యూలు, మొదటి భాగంలోని పదో క్లాజు ప్రకారం, ఛార్టర్డ్ అకౌంటెంటు తన రుసుమును లాభంలో ఇంత శాతమనో, ఫలితం వస్తేనే ఇంత అనో నిర్ణయించుకోకూడదు. అలా చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద చర్య తీసుకుంటారు. కొన్ని ప్రత్యేక పనులకు మినహాయింపులున్నాయి, రిటర్ను వేయడం వాటిలో లేదు. ఈ నియమం ఎందుకు పెట్టారో ఆలోచించండి. రిఫండు పెరిగితే నా వాటా పెరుగుతుందంటే, మీ రిటర్నులో నిజం రాయడం నాకే నష్టం. ఆ పరిస్థితిలో ఎవరినీ నిలబెట్టకూడదని పెద్దలు అనుకున్నారు. ఆ నియమం నాకు గర్వకారణం. అయితే రిటర్నులు వేసిపెట్టే వారందరూ ఛార్టర్డ్ అకౌంటెంట్లు కారు. బల్ల, కంప్యూటర్ ఉన్న ప్రతివారినీ మనం ఆడిటరు గారనే పిలుస్తాం. వారిలో నిజాయితీపరులు ఎంతోమంది ఉన్నారు. కానీ ఈ నియమం వారికి వర్తించదు.

రిఫండు తెప్పిస్తామనేవారు ఏం చేస్తారో చెబుతాను. పాత విధానం ఎంచుతారు. మీకు లేని విద్యారుణం వడ్డీ రాస్తారు. మీరు పేరు కూడా వినని ఏదో పార్టీకి విరాళం ఇచ్చారంటారు. సొంతింట్లో ఉన్నవారు అద్దె కట్టారంటారు. ఇంట్లో దివ్యాంగులు లేకపోయినా ఉన్నారని రాస్తారు. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. నిజంగా అలాంటి బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులకు ఇచ్చిన మినహాయింపు అది.

లెక్క చూద్దాం. 20 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి పేరిట లేని తగ్గింపులు 2,50,000 రాశారనుకోండి. పన్ను 50,000, దాని మీద 4 శాతం సెస్సు 2,000. రిఫండు 52,000 వచ్చింది. పదో వంతు 5,200 ఆ మనిషికి పోగా ఉద్యోగికి 46,800 మిగిలింది. ఇంట్లో సంబరం. రెండేళ్ల తర్వాత ఆధారాలు చూపమని నోటీసు వస్తుంది. చూపడానికి ఏమీ లేదు. ఆదాయాన్ని తప్పుగా చూపించినందుకు 270ఏ సెక్షను కింద జరిమానా ఆ పన్నుకు 200 శాతం ఉంటుంది. అంటే 1,04,000. దానికి అసలు 52,000 కలపండి, వడ్డీ కలపండి. 1,56,000 దాటిపోతుంది. ఎగవేత ఉద్దేశపూర్వకమని తేలితే చట్టంలో జైలు శిక్ష కూడా ఉంది. మరి ఆ 5,200 తీసుకున్న మనిషి? ధ్రువీకరణలో ఉన్నది మీ పేరు. వివరాలన్నీ సరైనవని ప్రకటించింది మీరు. ఓటీపీ చెప్పింది మీరు.

ఇదంతా ఊహ కాదు. ఈ ఏడాది జూలై 14న ఆదాయపన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఇలాంటి ఏజెంట్ల మీద తనిఖీలు మొదలుపెట్టింది. కమీషను కోసం రిఫండును పెంచి చూపించే ముఠాలు ఉన్నాయని శాఖ స్వయంగా ప్రకటించింది. వీరి వలలో పడినవారిలో ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవారు, విద్యాసంస్థలవారు, బహుళజాతి కంపెనీలవారు ఉన్నారని చెప్పింది. గడిచిన నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. ఈ ఏడాది రిటర్ను ఫారంలోనూ మార్పు వచ్చింది. ఆరోగ్య బీమా అంటే కంపెనీ పేరు, పాలసీ సంఖ్య అడుగుతుంది. విద్యారుణం అంటే బ్యాంకు, ఖాతా సంఖ్య అడుగుతుంది. ఇదివరకటిలా ఉత్త అంకె రాసి తప్పించుకునే వీలు లేదు.

ఆ ప్రకటనలో ఒక చిన్న విషయం ఉంది, నన్ను అది ఎక్కువగా కలచివేసింది. ఈ ఏజెంట్లు గంపగుత్తగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిలు చిరునామాలు సృష్టిస్తారు. పని కాగానే వాటిని వదిలేస్తారు. శాఖ పంపిన నోటీసులు ఆ చిరునామాకు వెళ్లి, ఎవరూ చదవకుండా పడి ఉంటాయి. నా అనుభవంలో కూడా ఇదే. నోటీసు తీసుకుని వచ్చేవారిలో చాలామంది చేతిలో ఉండేది మొదటి నోటీసు కాదు. మొదటిది, రెండోది ఎవరి ఫోనుకో వెళ్లాయి. అప్పుడు జవాబిచ్చి ఉంటే చక్కబడేది.

అందుకే రుసుము ఎంత అని అడిగే ముందు, నా రిటర్నులో ఎవరి ఫోను నంబరు పెడతారు అని అడగండి. మీదే ఉండాలి. పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి. పని పూర్తయ్యాక రసీదు కాగితం ఒక్కటే తీసుకుని రాకండి. ఆదాయం, తగ్గింపులు, పన్ను ఎలా లెక్కగట్టారో చూపించే కంప్యుటేషన్ కాగితం కూడా అడిగి తీసుకోండి. అందులో మీకు అర్థం కాని ప్రతి అంకెను వేలు పెట్టి చూపించి ఇదేమిటని అడగండి. తర్వాత నోటీసు వస్తే జవాబు ఈ రుసుములోనే రాసిస్తారా, వేరే తీసుకుంటారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఇవి అడిగితే విసుక్కునేవారి దగ్గర 300కి కూడా వేయించుకోకండి.

బడుల్లో, కార్యాలయాల్లో మరో సంగతి గమనించాను. తలా ఇంత అని వసూలు చేసి ఒకే మనిషికి ఇస్తారు. అందులో మీ రిటర్నుకు ఎంత, కార్యాలయం తరఫున మూడు నెలలకోసారి వేయాల్సిన, జీతాల్లో కోసిన పన్ను వివరాల నివేదిక 24క్యూకు ఎంత అని ఎవరూ అడగరు. 24క్యూ వేయడం చట్టప్రకారం డీడీఓ బాధ్యత. కోసిన పన్ను జమను గుర్తించడానికి ట్రెజరీ ఇచ్చే బిన్ నంబరు అందులో సరిగా నమోదైతేనే మీ జీతంలో కోసిన పన్ను మీ 26ఏఎస్‌లో కనిపిస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రుసుము పడుతుంది. కాబట్టి ఆ పనికి విలువ ఉంది. కానీ రెండింటినీ విడివిడిగా అడిగి రాయించుకోండి. రిటర్ను స్వయంగా వేసుకునే ఉపాధ్యాయుడు మరొకరి రిటర్ను ఖర్చు మోయనవసరం లేదు.

(సభలో ఒకరు: "మేడమ్, ఇప్పటికే అలా వేయించుకున్నవాళ్లం ఏం చేయాలి?")

మంచి ప్రశ్న. అడగడానికి ధైర్యం కావాలి, మీరు అడిగారు. ఈ ఏడాది రిటర్నులోనే తప్పు ఉంటే డిసెంబరు 31 దాకా సవరించుకోవచ్చు, జరిమానా లేదు. తేడా పన్ను, వడ్డీ కడితే చాలు. పాత ఏళ్లవైతే నవీకరించిన రిటర్ను వేయాలి. ఇంతకుముందు దానికి రెండేళ్లే గడువుండేది, ఈ ఏప్రిల్ నుంచి నాలుగేళ్లు చేశారు. 2023-24 ఆదాయానిదైతే, వచ్చే మార్చి 31లోగా వేస్తే పన్ను, వడ్డీ మీద అదనంగా 25 శాతం. 2022-23దైతే 50 శాతం. అంతకు ముందువాటికి 60, 70. బరువే. కానీ ఇందాక చెప్పిన 200 శాతం జరిమానాతో పోల్చి చూడండి. ఆ ఏడాదికి సంబంధించి మీ మీద విచారణ మొదలైతే ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి నోటీసు కోసం ఎదురు చూడకండి. ఈ రిటర్నును మాత్రం తెలిసినవారి చేత వేయించండి. దీనికి ఇచ్చే రుసుము దండగ కాదు. మొదట వేసిన మనిషి దగ్గరికే మళ్లీ వెళ్లకండి.

మా నియమావళి ప్రకారం నేను ప్రచారం చేసుకోకూడదు. కాబట్టి నా కార్యాలయం ఎక్కడో చెప్పను, అడగకండి. ఇక్కడ ఇంకో అరగంట ఉంటాను. అందరూ ఫోన్లు తీయండి. పోర్టల్‌లో మీ ప్రొఫైల్ తెరిచి, కాంటాక్టు వివరాల్లో ఎవరి నంబరు, ఎవరి ఈమెయిలు ఉందో చూడండి. పాస్‌వర్డు తెలియనివారు ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు. మీది కాని నంబరు కనిపించినవారు చేయెత్తండి. నేనే మీ దగ్గరికి వస్తాను. ముందు వెనక వరుసలోని ఆ నాలుగో ఆయనతో మొదలుపెడదాం.